మళ్ళీ తాగుతాడా? – ఆ ప్రశ్నకు శరీరంలో జవాబు వెతికిన చరిత్ర

మద్యం మాన్పించే చికిత్స ముగిసి, రోగి ఇంటికి బయలుదేరే రోజున వైద్యునికి తప్పకుండా ఎదురయ్యే ప్రశ్న ఒకటి ఉంది. భార్య అడిగినా, తల్లి అడిగినా, ఉద్యోగం ఇచ్చిన యజమాని అడిగినా దాని సారం ఒక్కటే: "మళ్ళీ తాగుతాడా?" రోగి మాత్రం ఒట్టు పెడతాడు. పిల్లల తల మీద చెయ్యి వేసి ప్రమాణం చేస్తాడు. చాలామంది విషయంలో ఆ ప్రమాణం, చేసిన క్షణంలో, అబద్ధం కాదు. అయినా కొందరు నెల తిరక్కుండానే సీసా పట్టుకుంటారు. కొందరు జీవితాంతం దాని జోలికి పోరు. ఇద్దరి మాటలోనూ అదే నిజాయితీ ఉన్నప్పుడు తేడా ఎక్కడ ఉంది?

ఈ తేడాను మాటలో కాక రక్తంలో, నిద్రలో, మెదడులో, జన్యువులలో పట్టుకోగలమా అని వైద్యశాస్త్రం చాలాకాలంగా వెతుకుతోంది. అలాంటి ఆనవాళ్ళను జీవ సూచికలు అంటారు. ఆ అన్వేషణ ఎక్కడ మొదలైంది, ఎక్కడ దారి తప్పింది, నేడు మనకు ఏమి మిగిల్చింది అనేది ఈ వ్యాసంలో వివరిస్తాను. ఇది కేవలం పరిశోధకుల కథ కాదు. ఒక మనిషికి కాలేయ మార్పిడి చేయాలా వద్దా, ఉద్యోగంలో ఉంచాలా తీసేయాలా, ఇంట్లోవాళ్ళు అతనిని నమ్మాలా మానాలా అనే నిర్ణయాలు దీనితో ముడిపడి ఉన్నాయి.

పాపం నుండి జబ్బు దాకా

తాగుడును నీతికి సంబంధించిన లోపంగా చూసినంతకాలం శరీరంలో ఆనవాళ్ళు వెతకాలన్న ఆలోచనే పుట్టలేదు. అమెరికా స్వాతంత్ర్య ప్రకటనపై సంతకం చేసినవారిలో ఒకరైన ఫిలడెల్ఫియా వైద్యుడు బెంజమిన్ రష్, 1784లో ఘాటైన మద్యాల వలన కలిగే హాని గురించి ఒక చిన్న పుస్తకం రాశాడు. అలవాటైన తాగుబోతును రోగిగా చూడాలని వాదించిన తొలి వైద్యులలో ఆయన ఒకడు. మంచినీళ్ళ నుండి ఘాటైన మద్యం దాకా పానీయాలను వరుసగా పేర్చి, ఒక్కొక్కదానికి ఎదురుగా అది తెచ్చిపెట్టే రోగాలను, దుర్గుణాలను చూపుతూ ఉష్ణమాపకం వంటి పట్టిక కూడా తయారుచేశాడు. తాగుడుకు కొలబద్ద పెట్టాలన్న కోరిక అప్పటికే ఉందన్నమాట.

తరువాత బ్రిటిష్ నౌకాదళ వైద్యుడు థామస్ ట్రాటర్ 1804లో వెలువరించిన గ్రంథంలో, తాగుడు అలవాటును మనసుకు సంబంధించిన వ్యాధిగా వర్ణించాడు. దేహం కోలుకున్నంత మాత్రాన రోగి కోలుకున్నట్టు కాదని, అలవాటు తెగేదాకా వైద్యుని పని పూర్తికాదని ఆయన భావం. 1849లో స్వీడన్ వైద్యుడు మాగ్నస్ హుస్ "ఆల్కహాలిజం" అనే మాటను వైద్యంలో ప్రవేశపెట్టాడు. దీర్ఘకాలం తాగినవారి నరాలలో, కాలేయంలో, జీర్ణకోశంలో కలిగే మార్పులను ఆయన ఓపికగా నమోదు చేశాడు. ఇరవయ్యవ శతాబ్దంలో ఇ. ఎం. జెల్లినెక్ 1960 నాటి గ్రంథంతో వ్యాధి భావనకు విస్తృత ప్రచారం కల్పించాడు. 1976లో గ్రిఫిత్ ఎడ్వర్డ్స్, మిల్టన్ గ్రాస్ అనే ఇద్దరు మద్యంపై ఆధారపడే స్థితిని ఒక లక్షణ సముదాయంగా నిర్వచించారు. కొంతకాలం మానినవాడు మళ్ళీ మొదలుపెడితే పాత తీవ్రత అంతా చాలా వేగంగా తిరిగి రావడం అందులో ఒక ముఖ్య లక్షణం. అంటే మళ్ళీ జారడమన్నది వ్యాధికి బయట జరిగే ప్రమాదం కాదు, వ్యాధి స్వభావంలోనే ఉంది.

అంతకు కొద్ది ముందే, 1971లో, విలియం హంట్, ఆయన సహచరులు ప్రచురించిన ఒక గీత వైద్యులను కలవరపెట్టింది. మద్యం, హెరాయిన్, పొగాకు – ఈ మూడింటినీ చికిత్సతో మానినవారిలో మళ్ళీ మొదలుపెట్టినవారి లెక్కను నెలలవారీగా గీస్తే, మూడు గీతలూ దాదాపు ఒక్కలాగే వచ్చాయి. మొదటి మూడు నెలలలోనే సుమారు మూడింట రెండు వంతుల మంది జారిపోయారు. ఆ తరువాత గీత క్రమంగా చదునైంది. మూడు వేర్వేరు పదార్థాలకు ఒకే గీత రావడంతో, లోపల ఏదో ఉమ్మడి యంత్రాంగం ఉండి ఉండాలన్న అనుమానం బలపడింది. ఆ తొలి మూడు నెలలలో ఎవరు జారతారో ముందే తెలిస్తే ఎంత బాగుండును అన్న ఆశ కూడా అక్కడి నుండే గట్టిపడింది.

తాగిన ఆనవాళ్ళు

ఇక్కడ రెండు ప్రశ్నలను విడదీసి చూడాలి. "ఇతను ఈ మధ్య తాగాడా?" అన్నది ఒకటి. "ఇతను ముందుముందు తాగుతాడా?" అన్నది మరొకటి. మొదటిది గతానికి సంబంధించినది. రెండవది భవిష్యత్తుకు సంబంధించినది. ప్రయోగశాలలు ముందుగా జవాబు చెప్పగలిగింది మొదటిదానికి మాత్రమే.

1970వ దశకం మొదట్లో జి.జి.టి. అనే కాలేయ ఎంజైము ఎక్కువగా తాగేవారి రక్తంలో పెరుగుతుందని గుర్తించారు. మద్యం మానితే అది కొన్ని వారాలలో తగ్గుముఖం పడుతుంది. అయితే కాలేయంలో కొవ్వు చేరినా, మధుమేహం, స్థూలకాయం ఉన్నా, మూర్ఛకు ఫెనిటాయిన్ వంటి మందులు వాడినా కూడా ఇది పెరుగుతుంది. 1974లో, ఎక్కువగా తాగేవారిలో ఎర్ర రక్తకణాల పరిమాణం పెరుగుతుందన్న విషయం స్థిరపడింది. మామూలు రక్త పరీక్ష కాగితంలో ఎం.సి.వి. అని ఉండేది ఇదే. ఎర్ర కణం ఆయుర్దాయం సుమారు 120 రోజులు కనుక, మానిన తరువాత కూడా ఈ సంఖ్య మామూలు స్థితికి రావడానికి కొన్ని నెలలు పడుతుంది. మన దేశంలో ఇంకొక చిక్కు ఉంది. బి12 లోపం వలన కూడా కణాలు పెద్దవవుతాయి. శాకాహారులలో ఆ లోపం సాధారణం. ఇనుము లోపం ఉంటే కణాలు చిన్నవై అసలు మార్పు కప్పబడిపోతుంది. అందుచేత ఎం.సి.వి. ఒక్కటి చూసి ఎవరినీ తాగుబోతు అనకూడదు, ఎవరినీ కాదని కూడా అనకూడదు.

1970ల చివరలో స్వీడన్‌లో హెలెనా స్టిబ్లర్, స్టెఫాన్ బోర్గ్ మరింత నిశితమైన సూచికను వెలుగులోకి తెచ్చారు. రక్తంలో ఇనుమును మోసే ట్రాన్స్‌ఫెర్రిన్ అనే ప్రోటీనుకు చక్కెర గొలుసులు అతుక్కుని ఉంటాయి. ఎక్కువగా తాగేవారిలో ఆ గొలుసులు కొన్ని లోపిస్తాయి. దీనినే సి.డి.టి. పరీక్ష అంటారు. రోజుకు సుమారు 60 గ్రాముల ఆల్కహాలును ఒకటి రెండు వారాలపాటు తీసుకుంటే ఇది పెరుగుతుందని చెబుతారు. మన భాషలో చెప్పాలంటే అది 180 మిల్లీలీటర్ల విస్కీ లేక బ్రాందీ – అంటే దుకాణంలో "క్వార్టర్" అని అడిగే సీసా. రోజుకొక క్వార్టర్ పెద్ద తాగుడు కాదని సమర్థించుకునేవారు ఈ లెక్కను గుర్తుంచుకోవాలి.

ఆ తరువాత నేరుగా ఆల్కహాలు నుండే పుట్టే పదార్థాలను కొలిచే పరీక్షలు వచ్చాయి. మూత్రంలో ఇథైల్ గ్లూకురొనైడ్ కొన్ని రోజుల క్రితం తాగినదానిని కూడా చూపుతుంది. ఎర్ర కణాల పొరలో ఏర్పడే ఫాస్ఫటిడైల్ ఇథనాల్, అంటే "పెత్", రెండు మూడు వారాల వెనుకటి తాగుడునూ పట్టిస్తుంది. ఆల్కహాలు లేనిదే ఈ పదార్థాలు ఏర్పడవు కాబట్టి ఇవి పాతవాటికన్నా నమ్మదగినవి. కానీ ఇక్కడ కూడా జాగ్రత్త అవసరమైంది. చేతులకు రాసుకునే శానిటైజర్ల వంటి వస్తువుల వలన కూడా మూత్ర పరీక్ష తాగినట్టు చూపవచ్చని, ఆ ఒక్క ఫలితంతో ఎవరినీ శిక్షించవద్దని 2006లో అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థే హెచ్చరించవలసి వచ్చింది.

ఈ పరీక్షలను ఎలా వాడాలో చూపిన మంచి ఉదాహరణ కూడా స్వీడన్ నుండే వచ్చింది. మాల్మో నగరంలో నడివయసు పురుషులకు ఆరోగ్య పరీక్షలు జరిపి, జి.జి.టి. ఎక్కువగా ఉన్నవారిని ఎంపిక చేశారు. కొందరికి తాగుడు తగ్గించుకోమని ఉత్తరం మాత్రం రాశారు. మిగిలినవారిని ఒకే వైద్యుడు మూడు నెలలకొకసారి చూశాడు. నర్సు నెలనెలా రక్త పరీక్ష చేసి, సంఖ్య పెరిగిందో తగ్గిందో వారికి చెప్పింది. 1983లో ప్రకటించిన ఫలితాలలో, ఈ రెండవ వర్గంవారు ఆసుపత్రిలో గడిపిన రోజులు, పనికి సెలవు పెట్టిన రోజులు, మరణాలు తక్కువగా ఉన్నాయి. పరీక్ష అదే. ఒకచోట అది ఉత్తరంగా మిగిలిపోయింది. మరొకచోట వైద్యునికీ రోగికీ మధ్య సంభాషణ అయింది.

రక్తసంబంధంలో వెతుకులాట

భవిష్యత్తును ముందే చెప్పే సూచిక కావాలంటే తాగక ముందు నుండే ఉండే లక్షణాన్ని పట్టుకోవాలి. "తండ్రి తాగుబోతు, కొడుకూ అంతే" అన్నది లోకంలో ఉన్న మాట. అది పెంపకం వలననా, రక్తం వలననా? డెన్మార్క్‌లో దత్తత రికార్డుల ఆధారంగా డోనాల్డ్ గుడ్విన్ బృందం 1973లో దీనికి జవాబు వెతికింది. పుట్టిన కొద్ది వారాలకే వేరే ఇంటికి దత్తు వెళ్ళిన మగపిల్లలను పెద్దయ్యాక పరిశీలిస్తే, కన్న తల్లిదండ్రులలో మద్య వ్యసనం ఉన్నవారిలో 18 శాతం మందికి ఆ వ్యసనం వచ్చింది. అలాంటి చరిత్ర లేనివారిలో 5 శాతం మందికే వచ్చింది. అంటే వారసత్వం ఉంది. అయితే అదే లెక్కను తిప్పి చదివితే, ఆ కొడుకులలో 82 శాతం మంది వ్యసనపరులు కాలేదన్న సంగతి కూడా కనిపిస్తుంది. మన ఇళ్ళలో ఈ రెండవ సగాన్ని ఎవరూ చదవరు.

1984లో హెన్రీ బెగ్లెయిటర్ బృందం మరొక ముఖ్యమైన అడుగు వేసింది. అరుదుగా కనిపించే ఒక దృశ్యాన్ని మనం గుర్తించినప్పుడు, సుమారు 300 మిల్లీసెకన్ల తరువాత మెదడులో ఒక విద్యుత్ తరంగం లేస్తుంది. దానిని పి300 అంటారు. మద్య వ్యసనపరులైన తండ్రులకు పుట్టి, తాము ఎన్నడూ మద్యం రుచి చూడని 7 నుండి 13 ఏళ్ళ బాలురలో ఈ తరంగం ఎత్తు తక్కువగా ఉందని వారు చూపారు. బెంగళూరు నిమ్హాన్స్‌లో వివేక్ బెనెగల్ తదితరులు 1995లో ప్రకటించిన పరిశోధన కూడా, కుటుంబంలో ప్రమాదం పెరిగేకొద్దీ ఈ తరంగం తగ్గుతుందని భారతీయ కుటుంబాలలో గమనించింది.

అమెరికాలో మార్క్ షకిట్ 1994లో ప్రకటించిన ఫలితం మన పల్లెల్లో, పట్టణాల్లో అందరూ తెలుసుకోదగినది. యువకులకు కొలిచిన మోతాదులో మద్యం ఇచ్చి, వారికి ఎంత మత్తు కలిగిందో నమోదు చేసి, సుమారు పదేళ్ళ తరువాత వారిని మళ్ళీ చూశారు. వ్యసనపరుల కొడుకులలో, తక్కువ మత్తు కలిగినవారిలో 56 శాతం మంది తరువాత వ్యసనపరులయ్యారు. బాగా మత్తు ఎక్కినవారిలో 14 శాతం మందే అయ్యారు. "ఎంత తాగినా మావాడికి ఎక్కదు, తూలడు" అని స్నేహితులు మెచ్చుకునే గుణం నిజానికి ఒక ప్రమాద సూచిక.

ఈ ఆశల మధ్యనే పెద్ద నిరాశ కూడా ఎదురైంది. 1990 ఏప్రిల్‌లో కెన్నెత్ బ్లమ్, ఎర్నెస్ట్ నోబుల్, వారి సహచరులు 70 మంది మృతుల మెదడు నమూనాలను పరీక్షించి, డోపమిన్ గ్రాహకానికి చెందిన ఒక జన్యు రూపం వ్యసనపరులలో 77 శాతం మందిని సరిగ్గా గుర్తించిందని ప్రకటించారు. తాగుడు జన్యువు దొరికిందని పత్రికలు మోగించాయి. అదే ఏడాది డిసెంబరులో, అదే వైద్య పత్రికలో, మరొక బృందం తమ రోగులలో అలాంటి సంబంధమేమీ కనబడలేదని రాసింది. ఆ తరువాతి పరిశోధనలు ఒకదానితో ఒకటి పొసగలేదు. ఒక్క జన్యువుతో తేలిపోయే వ్యవహారం కాదని, ఎన్నో జన్యువుల చిన్న చిన్న ప్రభావాలు కలిసి పనిచేస్తాయని క్రమంగా స్పష్టమైంది.

నిజంగా బలమైన ప్రభావం ఉన్న జన్యువు ఒకటి ఉంది. జపాను, చైనా, కొరియా ప్రజలలో చాలామందికి ఆల్డిహైడ్ డీహైడ్రోజినేజ్ అనే ఎంజైము సరిగా పనిచేయదు. కొద్దిగా తాగినా ముఖం ఎర్రబడి, గుండె దడ, వికారం కలుగుతాయి. అందుచేత వారికి వ్యసనం నుండి సహజ రక్షణ ఉంటుంది. మన దేశంలో ఈ జన్యు రూపం అరుదు. అయితే ఆ రక్షణ కూడా శాశ్వతం కాదని 1994లో సుసుము హిగుచి బృందం చూపింది. జపాను వ్యసనపరులలో ఈ రక్షక జన్యువును ఒక వైపు నుండి పొందినవారు 1979లో 2.5 శాతం ఉండగా, 1986 నాటికి 8 శాతం, 1992 నాటికి 13 శాతం అయ్యారు. పదమూడేళ్ళలో జన్యువులు మారవు. మారింది సమాజం. మద్యం అందుబాటు, పని తరువాత కలిసి తాగే ఆచారం పెరిగేసరికి, శరీరం కట్టిన గోడను జనం దాటేశారు.

మెదడు మరచిపోనిది

వ్యసనం ఎవరికి వస్తుందన్నది ఒక ప్రశ్న అయితే, మానినవారిలో ఎవరు జారతారన్నది దానికన్నా సూక్ష్మమైన ప్రశ్న. అమెరికాలోని లెక్సింగ్టన్ ప్రభుత్వ ఆసుపత్రిలో పనిచేసిన అబ్రహాం విక్లర్, మత్తుమందులు పూర్తిగా మానిన రోగులు పాత స్నేహితుల గురించి, పాత వీధుల గురించి మాట్లాడుకునేటప్పుడు ఆవులింతలు, కళ్ళవెంట నీరు వంటి లక్షణాలు మళ్ళీ కనబరచడం గమనించాడు. శరీరంలో మందు లేదు; కానీ పరిసరం గుర్తుకు రాగానే శరీరం పాత బాధను మళ్ళీ అనుభవించింది. 1967లో సింక్లెయిర్, సెంటర్ అనే పరిశోధకులు, మద్యానికి అలవాటు పడిన ఎలుకలకు కొంతకాలం దానిని దూరం చేసి తిరిగి ఇస్తే, మునుపటికన్నా ఎక్కువగా తాగుతాయని చూపారు. ఎలుకకు పరువు సమస్య లేదు, భార్యతో గొడవ లేదు. అయినా అది అలా చేసింది.

ఈ జ్ఞాపకాన్ని కొలవగలమా అని వెతికినవారికి నిద్ర ఒక కిటికీగా దొరికింది. 1994లో క్రిస్టియన్ గిలిన్ బృందం, ఆసుపత్రిలో చేరిన రోగుల నిద్రను యంత్రంతో పరీక్షించి, కలలు వచ్చే నిద్ర దశ త్వరగా, ఎక్కువగా వచ్చినవారు మూడు నెలలలో జారే అవకాశం హెచ్చని చూపింది. 2001లో కర్క్ బ్రోవర్ బృందం మరింత సులభమైన విషయం చెప్పింది. చికిత్స మొదట్లో నిద్రలేమి ఉన్నవారిలో 60 శాతం మంది మళ్ళీ తాగగా, నిద్ర బాగున్నవారిలో 30 శాతం మందే తాగారు. దీనికి ఖరీదైన యంత్రం అక్కరలేదు. "రాత్రి నిద్ర పడుతోందా?" అని అడిగితే చాలు. ఆ ప్రశ్న అడగటానికి మన ఆసుపత్రులలో ఎంతమందికి తీరిక ఉంటుందన్నది వేరే విషయం.

రెండవ కిటికీ ఒత్తిడి. యేల్ విశ్వవిద్యాలయంలో రజితా సిన్హా బృందం ఒక తెలివైన పద్ధతి అనుసరించింది. మద్యం మానిన రోగి తన జీవితంలోని ఒక కష్టమైన సంఘటనను, మద్యం గుర్తుచేసే ఒక సందర్భాన్ని, ప్రశాంతమైన ఒక దృశ్యాన్ని చెబితే, వాటిని రాసుకుని తిరిగి అతనికే వినిపించారు. వినేటప్పుడు గుండె వేగం, కోరిక తీవ్రత, ఒత్తిడి హార్మోన్లు కొలిచి, ఆపై మూడు నెలలు గమనించారు. 2011లో ప్రకటించిన ఫలితం ప్రకారం, ఒత్తిడి హార్మోన్ల సమతౌల్యం చెడి, అడ్రినల్ గ్రంథి అతిగా స్పందించే స్థితిలో ఉన్నవారు త్వరగా జారారు. 2013లో అదే బృందం మెదడు చిత్రాలతో మరొక విషయం చూపింది. జారినవారిలో నుదుటి వెనుక, మధ్య భాగంలో ఉండే ఒక ప్రాంతం ప్రశాంతమైన దృశ్యాన్ని ఊహించుకునేటప్పుడు కూడా అతిగా పనిచేస్తోంది. అసలు ఒత్తిడి వచ్చినప్పుడు మాత్రం మందగిస్తోంది. అంటే వారికి విశ్రాంతిలో విశ్రాంతి లేదు. అవసరమైనప్పుడు పగ్గం పట్టే శక్తీ లేదు. "ఏ గొడవా లేదు, అంతా బాగుంది, అయినా ఎందుకు తాగాడు?" అని విస్తుపోయే కుటుంబాలకు ఈ పరిశోధన కొంత జవాబు చెబుతుంది.

అయితే ఈ జ్ఞానం నుండి మందు పుట్టించే ప్రయత్నం ఇంతవరకు తేలికగా సాగలేదు. ఒత్తిడికి మూలమైన సి.ఆర్.ఎఫ్. అనే రసాయనాన్ని అడ్డుకుంటే ఎలుకలు తాగడం తగ్గించాయి. అదే పద్ధతిని మనుషులలో పరీక్షించిన 2015, 2016 నాటి ప్రయోగాలలో మద్యంపై కోరిక తగ్గలేదు. నాల్ట్రెక్సోన్ విషయంలోనూ ఇలాంటిదే జరిగింది. 1992లో వోల్పిసెల్లి బృందం చేసిన ప్రయోగంలో ఆ మందు వాడినవారిలో 23 శాతం, వాడనివారిలో 54 శాతం మంది జారారు. అది మేలైన మందే; నేటికీ వాడుకలో ఉంది. ఏ రోగికి పనిచేస్తుందో ఒక జన్యు రూపం ముందే చెబుతుందని 2003లో ఆశ కలిగింది. 2015లో ప్రత్యేకంగా ఆ విషయం తేల్చడానికే చేసిన పరీక్షలో ఆ ఆశ నిలబడలేదు.

సూచిక తీర్పుగా మారితే

ఒక ఊహాజనితమైన లెక్క చూద్దాం. 100 మంది చికిత్స పొంది వెళ్ళారు. వారిలో 60 మంది ఏడాదిలో జారతారనుకుందాం. మన దగ్గర 80 శాతం కచ్చితత్వం ఉన్న పరీక్ష ఉందనుకుందాం. జారబోయే 60 మందిలో అది 48 మందిని పట్టుకుంటుంది, 12 మందిని వదిలేస్తుంది. నిలబడగల 40 మందిలో 32 మందిని సరిగ్గా చెబుతుంది, 8 మందిని మాత్రం జారతారని ముద్రవేస్తుంది. ఆ 8 మంది తప్పేమిటి? వారి ఇంట్లో ఆ కాగితం చూసిన తరువాత ఎవరు నమ్ముతారు? నమ్మకం పోయిన ఇల్లు మళ్ళీ తాగడానికి తగిన చోటవుతుంది. జోస్యమే కారణమై జోస్యం నిజమవుతుంది. వాస్తవంలో నేటి సూచికలలో చాలావాటికి ఈ ఊహాజనిత కచ్చితత్వం కూడా లేదు. అవి చిన్న చిన్న వర్గాలలో చూపిన ఫలితాలు.

కాలేయ మార్పిడి విషయంలో ఈ సమస్య ప్రాణాల మీదికి వచ్చింది. మద్యం వలన కాలేయం చెడినవారు కనీసం ఆరు నెలలు మానితేనే మార్పిడికి అర్హులన్న నియమం 1990వ దశకం నుండి చాలా చోట్ల అమలైంది. అది కూడా ఒక రకమైన సూచికే: ఆరు నెలలు ఆగినవాడు ఇకముందూ ఆగుతాడని. కానీ తీవ్రమైన మద్య కాలేయ శోథతో వచ్చే రోగికి ఆరు నెలల ఆయుష్షు ఉండదు. 2011లో ఫ్రాన్స్, బెల్జియం వైద్యులు, మందులకు లొంగని 26 మందిని జాగ్రత్తగా ఎంపిక చేసి, ఆ గడువు లేకుండానే మార్పిడి చేశారు. ఆరు నెలల తరువాత వారిలో 77 శాతం మంది బతికి ఉన్నారు. మార్పిడి జరగని సమాన రోగులలో 23 శాతం మందే మిగిలారు. తరువాత మళ్ళీ తాగినవారు ముగ్గురు. వారిని ఎంపిక చేసినది రక్త పరీక్ష కాదు. కుటుంబం తోడు ఉందా, తన వ్యసనాన్ని రోగి ఒప్పుకుంటున్నాడా, మరే తీవ్రమైన మానసిక వ్యాధి అయినా ఉందా అని వైద్యబృందం అంతా కూర్చుని ఆలోచించింది.

మన నేల మీద

2020 మార్చి చివర లాక్‌డౌన్‌తో మద్యం దుకాణాలు ఒక్కసారిగా మూతపడ్డాయి. వణుకు, మూర్ఛ, మతిభ్రమతో హైదరాబాదు ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రికి రోగులు వెల్లువలా వచ్చారు. మే మొదటి వారంలో రెండు తెలుగు రాష్ట్రాలలోనూ దుకాణాలు తెరిచిన రోజున ఎండలో బారులు తీరిన జనాన్ని అందరం చూశాం. నలభై రోజులు మద్యం లేకుండా శరీరాలు శుభ్రపడినా, దుకాణం తలుపు తెరవగానే మెదడు దారి చూపింది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట మహిళలు సారా దుకాణం మీదికి వెళ్ళినప్పుడు వారికి పి300 తరంగం తెలియదు, డోపమిన్ తెలియదు. కానీ ఎదురుగా దుకాణం ఉన్నంతకాలం మగవాడి ఒట్టు నిలబడదన్న సంగతి వారికి తెలుసు. హిగుచి జపానులో లెక్కలతో చూపినది కూడా అదే.

2019లో వెలువడిన జాతీయ సర్వే ప్రకారం దేశంలో సుమారు 16 కోట్ల మంది మద్యం తీసుకుంటున్నారు. దానిపై ఆధారపడే స్థితికి చేరిన ప్రతి 38 మందిలో ఒక్కరికే ఏదో ఒక చికిత్స అందుతోంది. మిగిలిన 37 మందికి మెదడు స్కానింగు గురించి చెప్పడం వ్యర్థం. వారికి ముందు కావలసింది వైద్యుని గడప.

అందుచేత, ఇన్నేళ్ళ పరిశోధన నుండి సామాన్య కుటుంబం ఇప్పుడే వాడుకోగలిగిన విషయాలు ఇవి.

మానిన తరువాత మొదటి మూడు నెలలు అత్యంత ప్రమాదకరమైనవి. ఆ కాలంలో వైద్యుని దగ్గరకు వెళ్ళడం మానకూడదు. "బాగానే ఉన్నాడు కదా" అన్న వారంలోనే ఎక్కువమంది జారతారు.

నిద్ర పట్టకపోవడాన్ని చిన్న విషయంగా తీసుకోవద్దు. వైద్యునికి చెప్పండి. నిద్రమాత్రలు సొంతంగా కొని వేసుకోవద్దు. అది ఒక వ్యసనం స్థానంలో మరొకదానిని తెచ్చుకోవడమే.

జి.జి.టి. వంటి పరీక్షను రెండు మూడు నెలలకొకసారి చేయించుకోవచ్చు. దానిని దొంగను పట్టే వలగా కాక, తగ్గుతున్న సంఖ్యను చూసి రోగి సంతోషించే అవకాశంగా వాడండి.

నాల్ట్రెక్సోన్, అకాంప్రొసేట్ వంటి మందులు మన దేశంలో దొరుకుతాయి. వాటిని వైద్యుని పర్యవేక్షణలోనే వాడాలి. రోగికి తెలియకుండా డైసల్ఫిరామ్‌ను అన్నంలోనో కాఫీలోనో కలిపి పెట్టడం ప్రాణాంతకం; ఎవరు చెప్పినా చేయవద్దు.

రోజూ ఎక్కువగా తాగేవారు ఒక్కసారిగా సొంతంగా మానితే మూర్ఛలు, మతిభ్రమ రావచ్చు. ఆసుపత్రి పర్యవేక్షణలో మాన్పించడమే క్షేమం.

2000 సంవత్సరంలో థామస్ మెక్‌లెల్లన్, ఆయన సహచరులు ఒక పోలిక చూపారు. వ్యసన చికిత్స తరువాత 40 నుండి 60 శాతం మంది జారుతుంటే, రక్తపోటు, ఉబ్బసం రోగులలో 50 నుండి 70 శాతం మందికి జబ్బు మళ్ళీ తిరగబెడుతోంది. రక్తపోటు మళ్ళీ పెరిగినవానిని మనం ఇంట్లోంచి వెళ్ళగొట్టం, మందు మోతాదు మారుస్తాం. మళ్ళీ తాగినవానిని కూడా వెంటనే, అదే రోజు, వైద్యుని దగ్గరకు తీసుకువెళ్ళాలి. రెండవసారి, మూడవసారి ప్రయత్నంలో నిలబడినవారు ఎందరో ఉన్నారు. ఏ సూచికా వారిని ముందుగా గుర్తించలేదు. పక్కన ఎవరో ఒకరు ఓపికతో నిలబడ్డారు, అంతే.